రోజు అద్దె ఇళ్ల గొడవకు మూలం 2017లోనే ఉంది

వైజాగ్‌లో సెలవులు వచ్చిన ప్రతిసారీ ఈ గొడవ మళ్లీ మొదటికొస్తుంది. ఎండాడ, సాగర్‌నగర్, రుషికొండ వైపు ఫ్లాట్లను రోజు లెక్కన అద్దెకిస్తున్న ఓనర్లు ఒకవైపు, అదే బ్లాకులో కాపురాలుంటున్న కుటుంబాలు ఇంకోవైపు. ఈసారి ఎండాడలోని ఒక అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు పక్కన అసోసియేషన్ అంటించిన నోటీసులో కొత్త మాట ఒకటి చేరింది: రోజు అద్దెకిచ్చేవాళ్లు అనుమతి పత్రం చూపించాలి. ఏ అనుమతి, ఎవరివ్వాలి అన్నది అందులో లేదు.

సముద్రం కనిపించే ఫ్లాటుకు గిరాకీ ఎలా పెరిగిందో అందరికీ తెలిసిందే, ఆ కథ మళ్లీ అక్కర్లేదు. అసలు మలుపు 2017 జూలై 1న, జీఎస్టీ మొదలైన రోజే పడింది. ఆ చట్టంలో 9(5) అనే సెక్షన్ ఉంది. యాప్ ద్వారా బుక్ అయిన బసకు, ఓనరు రిజిస్ట్రేషన్ పరిధిలోకి రాకపోతే, జీఎస్టీ యాప్ కంపెనీయే కట్టాలి. సేవలకు ఆ పరిధి ఏడాదికి 20 లక్షల టర్నోవరు. ఒక్క రెండు బెడ్‌రూముల ఫ్లాటుతో అంత రావడం కష్టం. కాబట్టి ఓనరు ఖాతాలో డబ్బు పడేసరికే జీఎస్టీ సంగతి ముగిసిపోతుంది.

చిన్న ఓనర్లకు ఇది మేలే. నెలనెలా రిటర్నుల బాధ తప్పింది. కానీ పన్ను వేరేచోట వసూలైపోతోంది కనక, ఆ ఇల్లు ఎక్కడుంది, అందులో ఎవరు దిగుతున్నారు అని అడిగే పని స్థానికంగా ఎవరికీ పడలేదు. ‘యాప్ అన్నీ చూసుకుంటుంది’ అన్న నమ్మకం అక్కడ పుట్టింది. 2020 అక్టోబరు 1 నుంచి యాప్‌లు ఆదాయపు పన్ను కింద ముందుగానే టీడీఎస్ కోయడం మొదలుపెట్టాక (2024 అక్టోబరు నుంచి అది 0.1 శాతం) ఆ నమ్మకం ఇంకా గట్టిపడింది.

నోటీసులో ఉన్న నాలుగు ఫ్లాట్లలో ఒకటి ఒక రిటైర్డ్ టీచరుది. ఆవిడ ఉండేది ఎంవీపీ కాలనీలో. ఫోనులో స్టేట్‌మెంటు తెరిచి నాకు చూపించారు. ‘ఇదిగో నాయనా, పన్ను కోశారుగా. నేను దొంగతనం చేస్తున్నట్టు మాట్లాడతారేంటి?’ అన్నారు. జీఎస్టీ వరకు ఆవిడ మాట నిజం. రోజుకు 7,500 రూపాయల వరకు ఉన్న గదికి 12 శాతంగా ఉన్న జీఎస్టీ, 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి తగ్గింది. అదైనా యాపే కడుతుంది. అయితే 20 లక్షల లెక్క ఫ్లాటు ఒక్కదానికే కాదు, ఆ పాన్ మీద వచ్చే మొత్తం టర్నోవరుకు. వేరే వ్యాపారమో, అద్దెకిచ్చిన షాపో ఉండి 20 లక్షలు దాటితే, రిజిస్ట్రేషన్ తీసుకుని ఓనరే కట్టుకోవాలి.

ఆదాయపు పన్ను దగ్గర మాత్రం యాప్ ఓనరుకు బదులు నిలబడదు. టీడీఎస్ అడ్వాన్సు మాత్రమే, రిటర్ను వేయాల్సింది ఓనరే. 2024 బడ్జెట్ సవరణతో, 2025-26 అసెస్‌మెంట్ సంవత్సరం (అంటే 2024-25లో వచ్చిన ఆదాయం) నుంచి నివాస గృహం అద్దెను ఓనరు వ్యాపార ఆదాయంగా చూపడం కుదరదు, ఇంటి ఆస్తి ఆదాయంగానే చూపాలి. అందులో కట్టిన ఇంటి పన్ను తీసేశాక మిగిలినదాంట్లో 30 శాతం తగ్గింపు ఉంటుంది. దుప్పట్లు ఉతికించిన ఖర్చు, పనిమనిషి జీతం విడిగా రాసుకోవడానికి ఉండదు. ఈ టీచరుగారికి ఆ ఖర్చులే ఎక్కువ.

ఎదురింటివాళ్లు ఎత్తిచూపేది ఇంటి పన్ను. 2020 నవంబరులో వచ్చిన జీవో 198 ప్రకారం, 2021 ఏప్రిల్ నుంచి మన మున్సిపాలిటీల్లో పన్నును అద్దె విలువ మీద కాకుండా ఆస్తి మూలధన విలువ (స్థలం, కట్టడాల ధర) మీద లెక్కిస్తున్నారు. నివాసానికి 0.10 నుంచి 0.50 శాతం, నివాసేతరానికి 0.20 నుంచి 2 శాతం. కరెంటు మీటరులోనూ ఇల్లు ఒక కేటగిరీ, వాణిజ్యం ఇంకో కేటగిరీ. ‘హోటల్ నడుపుతూ ఇంటి పన్ను కడుతున్నారు’ అన్నది వాళ్ల ఫిర్యాదు.

వాళ్ల భయం మాత్రం పన్ను గురించి కాదు. వాచ్‌మన్ పుస్తకం చూశాను. ‘403, నలుగురు, తెల్ల కారు’ అని ఉంది. పేరు లేదు, ఆధార్ లేదు, ఫోన్ నంబరు లేదు. విదేశీయులు దిగితే 24 గంటల్లో అధికారులకు ఆన్‌లైన్‌లో తెలపాలన్నది చట్టం. తూర్పు నౌకాదళం కేంద్రం ఉన్న ఊళ్లో ఇది చిన్న విషయం కాదు.

టీచరుగారి దగ్గర వేరే పుస్తకం ఉంది. లాంగ్ నోట్‌బుక్కులో గీతలు కొట్టి, వచ్చినవాళ్ల పేర్లు, ఊరు, దిగిన టైము రాసి, ఆధార్ జిరాక్సులు పిన్ను కొట్టి పెట్టుకున్నారు. పోయినేడాది ఆవిడే ఒక కార్యాలయానికి వెళ్లి, నా ఫ్లాటు ఏ కేటగిరీలోకి వస్తుందో రాసివ్వమని అడిగారు. ‘ఇల్లే కదమ్మా, ఇల్లు అనే ఉండనివ్వండి’ అని పంపేశారు. కేంద్ర పర్యాటక శాఖ హోంస్టే గుర్తింపుకు ప్రయత్నిద్దామంటే, ఆ పథకం ఓనరు అదే ఇంట్లో నివసించాలంటుంది. ఒకటి నుంచి ఆరు గదుల వరకు అద్దెకివ్వొచ్చు, కానీ ఓనరు అక్కడే ఉండాలి. ఎంవీపీ కాలనీలో ఉండి ఎండాడ ఫ్లాటు చూసుకునే మనిషికి అందులో చోటు లేదు. అసోసియేషన్ అడుగుతున్న పత్రం సంపాదించడానికి ఊళ్లో అందరికంటే ఎక్కువ తిరిగింది ఈవిడేనని నా లెక్క.

ఆదివారం సాయంత్రం సెల్లార్‌లో జనరల్ బాడీ మీటింగు ఉంది. ఆ నోట్‌బుక్కు, మూడేళ్ల రిటర్నులు, ఇంటి పన్ను రసీదులు ఒక ఫైలులో పెట్టుకుని వస్తానని టీచరుగారు కార్యదర్శికి ఫోన్ చేసి చెప్పారు. వాచ్‌మన్ పుస్తకం కూడా తెప్పించి పెట్టమన్నారు.