వచ్చే ఆదివారానికి ఎన్ని దండలు?

అమ్మలూ, బాబులూ,

అరసవల్లి గుడి దారిలో పూలకొట్టు నడుపుకునే వాళ్ల పాప అడిగింది: "తాతయ్యా, ఆదివారం దండలు ఒకసారి మిగిలిపోతాయి, ఒకసారి చాలవు. ఎన్ని కట్టాలో అమ్మకి ముందే ఎలా తెలుస్తుంది?" లెక్కల పుస్తకం కూడా తెచ్చింది. అయిదు ఆదివారాల అమ్మకం వరసగా 82, 90, 80, 240, 88. అన్నీ కూడి అయిదుతో భాగిస్తే 116 వచ్చిందట. మామూలు ఆదివారం అన్ని కడితే సాయంత్రానికి పాతిక పైగా వాడిపోతాయి.

ఇంట్లో ఎసట్లో బియ్యం పోసేవాళ్లని చూడండి. నెలంతా వండినది కూడి భాగించరు, ఈ పూట ఎన్ని కంచాలు వేయాలో లెక్కపెట్టుకుంటారు. పెళ్లి వంటని మామూలు రోజుల్లో కలపరు. ఆ 240 రథసప్తమి నాటిది. 2026లో ఆ పండగ జనవరి 25, ఆదివారం నాడే పడింది. దాన్ని వేరే పేజీలో రాసుకోవాలి. సోమ, మంగళవారాల అమ్మకాన్ని కూడా ఇందులో కలపకూడదు. సూర్యదేవుడి గుడికి ఆదివారం వచ్చే జనం వేరు.

అన్నం గిన్నె దగ్గరే ఇంకాసేపు ఉందాం. గిన్నె ఊడ్చినట్టు ఖాళీ అయింది. అందరి కడుపులూ నిండాయా? చివరి పంక్తి వాళ్లు అర్ధాకలితో లేచారేమో, గిన్నెని చూస్తే తెలియదు. పుస్తకంలోని 80 అచ్చం అలాంటిదే. ఆ రోజు కట్టినవే 80, పది గంటలకే అయిపోయాయి. తరవాత వచ్చి అడిగినవాళ్లని ఎవరూ రాయలేదు. అమ్మకాల పుస్తకంలో అన్నిటికన్నా పెద్ద మోసం ఇక్కడే ఉంటుంది. తక్కువ కట్టిన రోజు, గిరాకీ తక్కువైన రోజులా కనిపిస్తుంది. దాన్ని నమ్మి వచ్చే వారం ఇంకా తగ్గిస్తారు, అవి ఇంకా బేగి అయిపోతాయి, అంకె ఇంకా కిందికి దిగుతుంది. అందుకే సరుకు అయిపోతే, అయిపోయిన వేళ పక్కనే రాయండి.

ఇప్పుడు 82, 90, 88 మిగిలాయి. కూడితే 260, మూడుతో భాగిస్తే 87కి రవంత తక్కువ. మూడే వారాల లెక్క కనక "80కీ 90కీ మధ్య" అనడమే న్యాయం.

మరి ఎన్ని కట్టాలి? దండకి 20 రూపాయలు ఖర్చయి 30కి అమ్ముతారనుకోండి. అమ్ముడైతే 10 వస్తుంది, వాడిపోతే 20 పోతుంది. కాబట్టి 82, 83 దగ్గర ఆగడం నయం. అన్నం మిగిలితే చద్దన్నం తింటాం, దండకి చద్ది లేదు. కొబ్బరికాయలు రేపటికీ ఉంటాయి గనక అంచనా కంటే పది ఎక్కువే దింపుకోవచ్చు.

శనివారం రాత్రే మీ అంచనా రాసిపెట్టండి. ఆదివారం రాత్రి అసలు అమ్మకం, రెంటి మధ్య తేడా రాయండి. తేడా ఒకసారి పైకీ ఒకసారి కిందికీ ఉంటే కంగారు పడకండి. నాలుగు వారాలు వరసగా ఒకే వైపు ఉంటే మాత్రం అంచనా మార్చాలి.

పండగ పేజీకి ఇంకో చిక్కు. రథసప్తమి మాఘ శుద్ధ సప్తమికి వస్తుంది. 2025లో ఫిబ్రవరి 4, మంగళవారం అయింది. తేదీ చూసి పోలిస్తే తప్పుతారు, తిథి చూడాలి. విజయనగరం సిరిమానోత్సవానికైతే దసరా తరవాత మంగళవారం చూసుకోవాలి. అదే అరసవల్లిలో సూర్యకిరణాలు స్వామి పాదాలు తాకే రోజులు మార్చిలో, అక్టోబరులో ఏటా ఇంచుమించు అవే తేదీలకు వస్తాయి. ఒకే గుడిలో ఒక పండగ చంద్రుడి లెక్కన, ఇంకొకటి సూర్యుడి నడక ప్రకారం! ఆ రెండూ పట్టుకుంటేగాని పూలకొట్టు లెక్క కుదరదు.

వచ్చే ఆదివారం పెన్సిలు పట్టుకుని కొట్టు పక్కన కూర్చోండి. దండలు అయిపోయాక అడిగి, లేవని వెళ్లిపోయే ఒక్కో మనిషికీ ఒక్కో గీత గీయండి. ఎన్ని గీతలు పడ్డాయో నాకు రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య