సంతకాలు పన్నెండు, చెక్కు ఒక్కటే

కేంద్రం 2025 ఆగస్టులో పర్యావరణ ఆడిట్ నిబంధనలు నోటిఫై చేసింది. దాంతో పాత గొడవ మళ్లీ లేచింది: ఫ్యాక్టరీ లోపలికి వెళ్లి చూసే నిపుణుడికి ఏ చదువుండాలి? అతన్ని ఎవరు ఎంచుకోవాలి? ప్రాజెక్టుకు అనుమతి ఇచ్చేముందు పర్యావరణంపై దాని ప్రభావాన్ని అంచనా వేసే ఈఐఏపై 1994లో వచ్చిన నోటిఫికేషన్, 2006లో దాని స్థానంలో వచ్చిన నోటిఫికేషన్ సంగతి చాలామంది రాశారు. మలుపు మాత్రం కేంద్ర పర్యావరణ శాఖ 2009 డిసెంబర్ 2న ఇచ్చిన ఉత్తర్వు, అంటే ఆఫీస్ మెమోరాండం దగ్గరుంది.

అంతకుముందు ఈఐఏ నివేదిక ఎవరు రాసినా చెల్లేది. రత్నగిరి జిల్లాలో ఒక బాక్సైట్ గని నివేదికలో రష్యా గని నివేదికలోని పేరాలు బయటపడ్డాయి! కన్సల్టెంట్ల అర్హతలు చూసి గుర్తింపు ఇచ్చే బోర్డు నాబెట్; దాని గుర్తింపు ఉన్న సంస్థే నివేదిక ఇవ్వాలని మెమోరాండం చెప్పింది. నాబెట్ ఈ పనిని 12 విభాగాలు చేసింది. గాలి కాలుష్యం, నీటి కాలుష్యం, వ్యర్థాలు, శబ్దం, భూగర్భ జలాలు, భూ వినియోగం, జీవవైవిధ్యం, సామాజిక ఆర్థిక స్థితి, ప్రమాదాల అంచనా వంటివన్నీ వేరువేరు. ఎవరి భాగానికి వారు సంతకం పెట్టాలి. నీళ్లు పరీక్షించే మనిషే పక్షుల జాబితా రాసే రోజులు పోయాయని కన్సల్టెంట్లు అంటారు. నిజమే.

కానీ జీవవైవిధ్యం చూసేవాళ్లనడగండి. చాలా ప్రాజెక్టులకు ఒక్క సీజన్ డేటా చాలు, అదీ వానాకాలం కానిది. చెరువులెండిన ఏప్రిల్‌లో 10 కిలోమీటర్ల పరిధి తిరిగితే కప్ప ఎక్కడ కనిపిస్తుంది? భూగర్భ జలాలదీ అదే తంటా, బావిలో నీటిమట్టం ఏ నెలలో కొలిచామన్నదాన్ని బట్టి మారుతుంది. ఈ మాట నివేదికలో గట్టిగా రాయాల్సిన నిపుణుడికి ఫీజు ఇచ్చేది అనుమతి కోసం ఎదురుచూస్తున్న కంపెనీయే. ప్రజాభిప్రాయ సేకరణలో ఊరివాళ్లు లేవనెత్తేదీ ఇదే. దీనికి 12 విభాగాల్లో జవాబు లేదు.

జవాబు గుజరాత్‌లో దొరికింది, అదీ ఆ 2009లోనే మొదలైన ఒక ప్రయోగంలో. హైకోర్టు ఆదేశంతో 1996 నుంచి అక్కడ ఫ్యాక్టరీలకు బయటి ఆడిట్ ఉండేది, ఆడిటర్‌ను ఫ్యాక్టరీయే పెట్టుకునేది. ఆర్థికవేత్త ఎస్తేర్ డుఫ్లో బృందం రెండేళ్లపాటు కొన్ని ఫ్యాక్టరీలకు లాటరీ పద్ధతిలో ఆడిటర్లను కేటాయించి, ఉమ్మడి నిధి నుంచి ఫీజు ఇప్పించింది. కొన్ని కొలతలను మళ్లీ సరిచూసింది. పరిమితి దాటిన కాలుష్యాన్ని పరిమితిలో ఉన్నట్టు చూపే తప్పుడు రిపోర్టులు 80 శాతం తగ్గాయి. ఆడిటర్ల చదువులేమీ మారలేదు.

కొత్త నిబంధనల్లోనూ ఆడిటర్‌ను అలాగే కేటాయిస్తారు. ఈఐఏ నివేదిక రాసే కన్సల్టెంట్‌ను మాత్రం ఇప్పటికీ కంపెనీయే పిలుచుకుంటుంది.