నెల్లూరు చలి: దుప్పట్లు పంచేవాళ్ల అపోహలు, అసలు వాస్తవాలు

అపోహ: నెల్లూరులో చలేంటి?

గుడిసెల్లో ఉండేవాళ్లకు దుప్పట్లు పంచడానికి డిసెంబరులో చందాలకు వెళ్తే మా వీధి కుర్రాళ్లకు మొదట ఎదురయ్యే మాట ఇదే. "మనదేమన్నా లంబసింగా?" అని నవ్వుతారు. ఇక్కడ రాత్రిళ్లు 20 డిగ్రీలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది, నిజమే. కానీ మన ఏడాది వానలో పెద్ద వాటా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతోనే పడుతుంది. గుడిసెలో ఉండేవాళ్లకు చలి తడి నేల నుంచే పుడుతుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వెళ్లిపోయినా, పొర్లుకట్ట (వరదను ఆపే గట్టు) పక్కన ఇళ్లలో మట్టి నేల చాలా రోజులు ఆరలేదు. దాని మీద చాప పరుచుకుని పండుకునే ముసలివాళ్లకు 20 డిగ్రీలు చాలు, వణికిపోవడానికి.

అపోహ: దుప్పటి ఇస్తే పనైపోయింది

మొదటి ఏడాది మేమూ ఇదే అనుకున్నాం. వచ్చిన డబ్బంతా దుప్పట్లకే పెట్టాం. నాలుగు రోజులాగి వెళ్తే ఒక అవ్వ మా దుప్పటిని మడతపెట్టి దండెం మీద వేసి ఉంది. "కప్పుకోను ఉండాయి నాయనా, కింద పరుచుకోనే ఏమీ లేవు" అంది.

అవ్వ మాటలో లెక్క ఉంది. దుప్పటి వెచ్చగా ఉండేది దాని పోగుల మధ్య చిక్కుకున్న గాలి వల్ల. మన బరువు పడితే కింద ఉన్న బట్ట అణిగిపోతుంది, గాలి పోతుంది, ఒంట్లో వేడిని నేల లాగేసుకుంటుంది. నూలు దుప్పటి తడిస్తే ఆ గాలి ఉండాల్సిన చోట నీళ్లు చేరతాయి. అది కప్పుకోవడం కంటే కప్పుకోకపోవడమే నయం.

అందుకే ఇప్పుడు మా వరస వేరు. ముందు కారే కప్పు మీదికి టార్పాలిన్ పట్ట. తర్వాత కిందికి: నులక మంచం దొరికితే మేలు, లేకపోతే ప్లాస్టిక్ చాప, దాని మీద పొడి గోతాలు రెండు పొరలు. రగ్గు ఆ తర్వాతే. చందా ఇచ్చినవాళ్లకు ఇది అంతగా నచ్చదు. ఫొటోలో దుప్పటి కనిపించినంత అందంగా గోతాం కనిపించదు మరి.

అపోహ: పొగ లేని నిప్పులైతే కుంపటి లోపల పెట్టుకోవచ్చు

ఇది ప్రాణాలు తీసే అపోహ. ఎర్రగా కాలే బొగ్గుల నుంచి పొగ రాకపోయినా కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగూ వాసనా ఉండవు. రక్తంలో ఆక్సిజన్ చోటును అది ఆక్రమిస్తుంది. ముందు తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, ఆ పైన మగత. నిద్రలో ఉన్న మనిషికి ఇవేవీ తెలియవు. వానకు భయపడి తలుపు బిగించి, సందులకు పట్టలు కట్టిన గుడిసెలో మరీ ప్రమాదం. పట్ట కట్టించేది మేమే కాబట్టి, ఈ మాట చెప్పాల్సిన బాధ్యతా మాదే. చలి కాచుకోవాలంటే బయట, పండుకునే ముందు.

అపోహ: వేణ్ణీళ్లకు కట్టెలు కావాల్సిందే

తుపాను లేని రోజుల్లో మన ఎండ తక్కువదేం కాదు. నల్ల బిందెకు మూతపెట్టి పొద్దున్నుంచి ఎండలో ఉంచితే సాయంత్రానికి పిల్లలకు నీళ్లు గోరువెచ్చనవుతాయి.

అపోహ: గ్యాస్ ఉచితమేగా, ఇంకేం కొరత?

రాష్ట్ర ప్రభుత్వం ఉచితంగా సిలిండర్లిచ్చే దీపం-2 పథకం 2024 నవంబరు 1న మొదలైంది. ఏడాదికి మూడు సిలిండర్లు, నాలుగు నెలలకు ఒకటి చొప్పున. అయితే సిలిండర్ డబ్బు ముందు మనమే కట్టాలి, తర్వాత అది బ్యాంకు ఖాతాలో పడుతుందన్న పద్ధతిలో దాన్ని మొదలుపెట్టారు. వానలకు కూలి పనులు ఆగిన ఇంట్లో ఆ ముందు డబ్బే ఉండదు. సిలిండర్ బుక్ చేయలేక తడి కట్టెలు ఊదుకుంటూ కూర్చున్నవాళ్లను చూశాం.

దీనికి దానం అక్కర్లేదు, నాలుగు రోజుల చేబదులు చాలు. ఖాతాలో పడగానే తిరిగి ఇస్తారు, అదే డబ్బు పక్కింటికి పోతుంది. చిక్కల్లా ఈకేవైసీ దగ్గర, అంటే ఆధార్‌తో మనిషిని సరిచూసుకునే చోట. వేలిముద్ర పడని, ఆధార్ ఖాతాకు కలవని అవ్వలే ఎక్కువ. కాబట్టి డిసెంబరు రాకముందే ఒక్కొక్కరినీ స్కూటర్ మీద గ్యాస్ ఏజెన్సీకీ, బ్యాంకుకీ తిప్పుతున్నాం. పెట్రోలుకు మాత్రం చందా అడగలేకపోతున్నాం.