స్పానిష్ డిగ్రీ గురించి మీ ఇద్దరికీ

చిట్టీ, బాబీ,

మొన్న ఆదివారం బీచ్ రోడ్డులో నడుస్తుంటే, డిగ్రీలో స్పానిష్ తీసుకుంటే ఎలా ఉంటుందని అడిగారు. అక్కడ నిలబడి చెప్పేస్తే సరిపోయే మాట కాదు. అందుకే రాస్తున్నాను.

ముందు ఒక టెన్షన్ తీసేస్తాను. ఇంటర్‌లో ఎంపీసీ చదివినా, స్పానిష్ ఒక్క ముక్క రాకపోయినా ఫర్వాలేదు. ఢిల్లీలో జేఎన్‌యూ (జవహర్‌లాల్ నెహ్రూ యూనివర్సిటీ), హైదరాబాద్‌లో ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ), రెండూ అక్షరాల నుంచే మొదలుపెడతాయి. జేఎన్‌యూకి సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. ఇఫ్లూ ప్రవేశ ప్రకటన ఏ ఏడాదిది ఆ ఏడాది చూసుకోండి. సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి హైదరాబాద్‌లో ఉంటారు కాబట్టి అమ్మకి అదే నచ్చుతుందనుకుంటాను.

ఇప్పుడు అసలు సంగతి. నేను స్పానిష్ చదివినప్పుడు మొదటి ఆరు నెలలూ ప్రతి వాక్యాన్నీ ఇంగ్లీషులోకి మార్చుకుని అర్థం చేసుకున్నాను. దానివల్ల చాలా కష్టపడ్డాను. 'మె గుస్తా ఎల్ మార్' అనే చిన్న వాక్యం దగ్గరే ఆగిపోయాను. ఇంగ్లీషు లెక్కన చూస్తే తలకిందులుగా కనిపించింది. ఒకరోజు హాస్టల్లో పైకి చదువుతుంటే తట్టింది: 'నాకు సముద్రం నచ్చుతుంది.' మన వాక్యమే! పుస్తకాలు అయితే 'మె గుస్తాన్', అంటే 'నచ్చుతాయి'. క్రియ మారేది పుస్తకాలను బట్టే, అచ్చం మనలాగే.

అప్పటి నుంచి తెలుగు మీదుగా వెళ్ళాను. 'ఆబ్లో' అంటే 'మాట్లాడతాను'. 'నేను' అని విడిగా చెప్పక్కర్లేదు, క్రియలోనే ఉంది. తూ, ఉస్తేద్ అంటే నువ్వు, మీరు. వాళ్ళ త, ద మన త, దల్లాగే పళ్ళకి తగులుతాయి, ఇంగ్లీషు ట, డలు కావు. 'ఉండు' అనే అర్థంలో వచ్చే రెండు క్రియలు, అందరినీ ఏడిపించే సేర్, ఎస్తార్ కూడా అంతే. 'నేను టీచర్ని' అన్నప్పుడు తెలుగులో క్రియే లేదు, అక్కడ సేర్. 'ఇంట్లో ఉన్నాను' అన్నప్పుడు ఎస్తార్. అన్నిచోట్లా ఇలా కుదరదు. 'పొడుగ్గా ఉన్నాడు' అనడానికి మళ్ళీ సేర్ వాడాలి. అయినా మొదటి అడుగు వేయడానికి ఇది చాలు.

తెలుగు సాయం చేయని చోటు లింగం. మేసా అంటే బల్ల, అది స్త్రీలింగం. లిబ్రో అంటే పుస్తకం, అది పుంలింగం. ఎందుకని అడగకుండా 'లా మేసా', 'ఎల్ లిబ్రో' అని జంటగానే నేర్చుకోండి.

మీ ఇద్దరూ బాగా ఆలోచించాల్సింది సాహిత్యం గురించి. మొదటి ఏడాది దాదాపు అంతా భాషే. ఆ తర్వాత చదవడమే చదవడం. 1605లో మొదటి భాగం, 1615లో రెండో భాగం వచ్చిన సెర్వాంతెస్ నవల 'దోన్ కిహోతే' దగ్గర్నుంచి, లాటిన్ అమెరికాలో మొదటి సాహిత్య నోబెల్ 1945లో అందుకున్న గాబ్రియేలా మిస్త్రాల్ కవిత్వం, 1982లో నోబెల్ వచ్చిన గార్సియా మార్కెస్ నవలల వరకు. పాత స్పానిష్ చదవడం మనం ప్రబంధం చదివినట్టే, నిదానంగా సాగుతుంది. కథలంటే ఆసక్తి లేకపోతే ఈ డిగ్రీ తీసుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. భాష ఒక్కటే కావాలంటే వేరే డిగ్రీ చదువుతూ స్పానిష్ ఎంత వచ్చో తేల్చే డెలే పరీక్ష రాసుకోవచ్చు. ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లు ఉంటాయి. దాని సర్టిఫికెట్ స్పెయిన్ ప్రభుత్వం పేరు మీద సెర్వాంతెస్ ఇన్‌స్టిట్యూట్ ఇస్తుంది.

ఉద్యోగాలంటారా, అనువాదం, బోధన, టూరిజం, స్పానిష్ కస్టమర్లున్న కంపెనీలు ఉన్నాయి. డెలేలో నాలుగోదైన బీ2 మెట్టు దాటకుండా మాత్రం వాటి జోలికి వెళ్ళకండి.

ఈ ఏడాదే రోజుకో అరగంట మొదలుపెట్టండి. మూడు నెలల తర్వాత కూడా ఆ అరగంట కోసం ఎదురుచూస్తుంటే అప్లికేషన్ పెట్టండి. ద్వారకా నగర్ పబ్లిక్ లైబ్రరీలో కూర్చుని తెలుగు కథలు కూడా చదువుతూ ఉండండి, అవి మానొద్దు. వచ్చే ఆదివారం కొత్త నోటుబుక్ తీసుకుని ఇంటికి రండి. 'మె గుస్తా' తోనే మొదలుపెడదాం.

మీ పెద్దమ్మ
విశాఖపట్నం