బాట మీద పడ్డ గింజ

ప్రియమైన పిల్లలకు,

తాత దీవెనలు. మీరు పోయాక ఇల్లు బోసిపోయింది. పత్తి మొలిచింది. చిన్నోడు గింజలు పెట్టిన సాలులో ఒక్కోచోట నాలుగేసి మొక్కలున్నాయి, ఒక్కోచోట ఒక్కటీ లేదు. మీ నానమ్మ రోజూ చూసి నవ్వుకుంటోంది.

చిన్నోడా, పరకాలలో బస్సెక్కుతూ నువ్వు ఒకటడిగావు. "తాతా, సండే స్కూల్లో చెప్పే ఆ విత్తేటాయన బాట మీద, రాళ్ల మీద ఎందుకు చల్లాడు? గింజలు దండుగే కదా?" బస్సు కదిలింది, జవాబు నా దగ్గరే ఉండిపోయింది. యేసు ప్రభువు చెప్పిన ఉపమానం అది. విత్తేటాయన చల్లిన గింజల్లో కొన్ని బాట మీద పడితే పిట్టలు తిన్నాయి, కొన్ని రాతినేలలో వెంటనే మొలిచి ఎండిపోయాయి, కొన్నిటిని ముండ్లు అణిచేశాయి, మంచి నేలలో పడ్డవి పండాయి.

నీకు ఆ డౌటు రావడం న్యాయమే. నువ్వు చూసింది పత్తి. 475 గ్రాముల ప్యాకెట్‌ను బంగారంలా పట్టుకుని, అచ్చు తోలి, లెక్కపెట్టి గింజ పెడతాం. యేసు ప్రభువు చెప్పింది గోధుమ, యవల సంగతి. అక్కడ వానలు అక్టోబరు, నవంబరులో మొదలవుతాయి. అప్పుడు ఒడిలో గింజలు పోసుకుని, నడుస్తూ పిడికిలితో వెదజల్లేవాళ్లు. మనం నువ్వులు చల్లినట్టన్నమాట. చేలల్లోంచే మనుషులు నడిచే బాటలుండేవి. శిష్యులు పంట చేలో నడుస్తూ వెన్నులు తుంచుకున్నారని మార్కు 2లో ఉంది, చూడు. కాబట్టి నాలుగు గింజలు బాట మీద పడకుండా చల్లడం ఎవరి వల్లా కాదు.

కానీ నన్ను ఎప్పుడూ ఆపేది వేరే సంగతి. ఒక ఏడు టౌనులో ఒక షాపులో పత్తి విత్తనాలు తెచ్చాను. సగం మొలవలేదు. వాన పోయింది, పెట్టుబడి పోయింది, అడిగితే "నీ భూమిలోనే ఏదో ఉంది" అన్నారు. అప్పటి నుంచి ఏ విత్తనమైనా నూరు గింజలు లెక్కపెట్టి, తడి గోనెసంచిలో చుట్టి, మొలకలు చూశాకే చేనుకు తీసుకుపోతాను. వడ్లయితే నూటికి 80 మొలవాలి. మన దగ్గర పంట పోతే ఎవరైనా ముందు అడిగేది "విత్తనం ఎక్కడ తెచ్చినవ్?" అనే. ఈ ఉపమానంలో మాత్రం ఆ మాటే లేదు. నాలుగు చోట్లా పడింది ఒకే విత్తనం. "విత్తనము దేవుని వాక్యము" అని లూకా 8లో ప్రభువే విప్పి చెప్పాడు. ఇక మిగిలిన లెక్కంతా నేలదే.

బాట సంగతి తెలిసిందే, పిట్టలు తింటాయి. ముండ్లంటే మనకు తుంగ, గరిక అనుకో. పైన దున్నితే పోయినట్టే ఉంటుంది, లోపల గడ్డ అలాగే ఉంటుంది. రాతినేల దగ్గర మాత్రం కొంచెం ఆగాలి. రాళ్లు కనిపించే నేల కాదది. మన తూర్పు చెలకలో మూలకు ఒక ముక్కుంది. పైన ఎర్రమట్టి జానెడు, కింద పరుపు బండ. చూస్తే ఎవరూ కనిపెట్టలేరు. పైగా వాన పడితే ఊళ్లో అందరికన్నా ముందు అక్కడే మొలుస్తుంది! మట్టి పలచన, తొందరగా వేడెక్కుతుంది. పది రోజులు వాన ఆగితే ముందు వాడిపోయేదీ అదే. మత్తయి 13లో ఆ గింజలు "వెంటనే" మొలిచాయని రాసింది చదివినప్పుడల్లా నాకు ఆ మూలే గుర్తొస్తుంది.

నేనూ ఒకప్పుడు అలాంటి నేలనే. మీటింగుల్లో అందరికన్నా ముందు చెయ్యెత్తేవాణ్ని. మా అన్నతో పొలం గట్టు తగాదా వచ్చిన ఏడు ఆర్నెల్లు చర్చి గడప తొక్కలేదు. చిన్నపిల్లలకు ఇవన్నీ ఎందుకంటుంది మీ నానమ్మ. అయినా రాశాను.

మా అవ్వకు చదువు రాదు. 126వ కీర్తన విని విని నోటికి నేర్చుకుంది. "పిడికెడు విత్తనములు చేతపట్టుకొని ఏడ్చుచు పోవువాడు" అనే చోట ఆమె గొంతు మారేది. విత్తేవాడు ఏడవడమెందుకని నేనూ నీలాగే అడిగాను. అవ్వ చెప్పింది: వాళ్ల రోజుల్లో ఆ గింజలు నాగుకు, అంటే అప్పుకు తెచ్చినవి, ఒక బస్తాకు బస్తన్నర తిరిగివ్వాలి. ఇంట్లో పిల్లలు ఆకలంటుంటే, వండితే ఒక పూట గడిచే వడ్లను తీసుకుపోయి మట్టిలో వేయాలి. నాకు ఆ వాక్యం ఏ పాస్టరు అయ్యగారూ అంత బాగా చెప్పలేదు.

అక్కకు చెప్పు, బైబిలు కంఠత వాక్యాల పోటీలో సెకండ్ వచ్చిందని టెన్షన్ వద్దని. మంచి నేలలో కూడా ఒకటి నూరంతలు, ఒకటి అరవై, ఒకటి ముప్పై అని ఉంది. ముప్పై పండినదాన్ని ఎవరూ రాతినేల అనలేదు.

దసరా సెలవులకు రండి. తూర్పు చెలకలో ఆ మూలకు పోదాం. గడ్డపార నీ చేతికే ఇస్తా చిన్నోడా, ఎంత లోతులో ఖంగుమంటుందో నువ్వే చూద్దువు.

మీ తాత