మంగళజోడిలో బెత్తెడు నీళ్ల లెక్క

చిలికా సరస్సు ఉత్తరపు ఒడ్డున, ఒడిశాలోని ఖుర్దా జిల్లాలో మంగళజోడి అనే ఊరుంది. ఊరు దాటితే కట్ట మీద దారి, ఆ దారి చివర పడవల రేవు, పక్కనే వాచ్ టవర్. అక్కణ్ణుంచి కనుచూపు మేర జమ్ము, మన కొల్లేటి వాళ్లు కిక్కిస అనే గడ్డి, వాటి మధ్య పలుచటి నీళ్లు. లోతు చాలాచోట్ల బెత్తెడు నుంచి మోకాలి దాకానే. చలికాలంలో ఇక్కడ దిగే పక్షుల్లో ఏది పడవ పక్కనే మేస్తుందో, ఏది దూరాన చుక్కలా మిగిలిపోతుందో తేల్చేది ఆ లోతే. పక్షుల పేర్లు తెలియకపోయినా నీళ్ల లెక్క తెలిస్తే చాలు, సగం పని అయినట్టే.

ఈ నీటికి మూలం మహానది. దాని పాయలైన దయా, భార్గవి చిలికా ఉత్తర భాగంలో కలుస్తాయి, తెచ్చిన ఒండ్రును అక్కడే దించుతాయి. అందుకే సరస్సు సముద్రంలో కలిసే మొగ వైపు నీరు ఉప్పగా ఉంటే, ఇక్కడ దాదాపు మంచినీరే. సరస్సు విస్తీర్ణం ఎండాకాలంలో సుమారు 900 చదరపు కిలోమీటర్లు, వానల్లో 1,165 దాకా. అంటే అంచుల్లో వందల చదరపు కిలోమీటర్ల నేల ఏటా మునిగి తేలుతుంది. మంగళజోడి ఆ అంచులోనే ఉంది. మునిగినప్పుడు కుళ్లిన గడ్డిని తిని పురుగులు, నత్తలు పెరుగుతాయి. తేలేటప్పుడు అవి పక్షులకు అందుతాయి. ఈ మునకా తేలడమూ ఆగిపోతే పక్షులకు ఇక్కడ పనే లేదు.

ఒక దశలో అది ఆగిపోయే పరిస్థితి వచ్చింది కూడా. 1981లోనే చిలికా అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలగా రామ్‌సార్ గుర్తింపు పొందింది. తరువాత మొగ పూడుకుపోవడంతో ఉప్పు తగ్గి, కలుపు విపరీతంగా పెరిగింది. 1993లో దీన్ని ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త మొగ తవ్వాక ఉప్పునీటి రాకపోకలు మళ్లీ మొదలై కలుపు వెనక్కి తగ్గింది. 2002లో ఆ జాబితా నుంచి చిలికా పేరు తీసేశారు. ఇప్పుడు ఏటా జనవరి లెక్కింపులో సరస్సు మొత్తం మీద పది లక్షలకు పైగా పక్షులు తేలుతున్నాయి.

మంగళజోడికి పేరు తెచ్చిన పక్షి బ్లాక్‌టెయిల్డ్ గాడ్విట్. బరువు పావు కిలోకు అటూ ఇటూ. కాళ్లు పొడుగు, ముక్కు ఇంకా పొడుగు, సుమారు పది సెంటీమీటర్లు. పొట్ట తడిసేంత లోతుకు వెళ్లి, కళ్ల దాకా తల ముంచి, ముక్కుతో బురదను పొడుస్తూ నడుస్తుంది. బురదలో ఉన్న పురుగు దానికి కనిపించదు. ముక్కు కొసలో స్పర్శ నాడులు దట్టంగా ఉంటాయి కాబట్టి తాకి తెలుసుకుంటుంది. మెత్తటి బురదలో మూతి మొత్తం తెరవడం కష్టం గనుక, పై ముక్కు కొసను మాత్రమే కాస్త పైకి వంచి పురుగును పట్టుకుంటుంది. ఆడపక్షి ముక్కు మగదానికంటే పొడుగు. గుంపును అయిదు నిమిషాలు ఓపికగా చూస్తే ఈ తేడా కంటికే తెలుస్తుంది. మార్చి దగ్గరపడే కొద్దీ కొన్నిటి మెడ, ఛాతీ ఇటుకరంగుకు తిరుగుతాయి. అవి ఉత్తరానికి, ఆసియా గడ్డి మైదానాల్లో గుడ్లు పెట్టడానికి బయలుదేరబోతున్నవి.

గాడ్విట్ నిలబడే చోటికి కాస్త ఇవతల, బెత్తెడు నీళ్లలో వుడ్ శాండ్‌పైపర్, రఫ్ వంటి ఉల్లంకి జాతులు తిరుగుతాయి. తడి బురద మీద గోల్డెన్ ప్లవర్లు పరిగెత్తి ఆగి, పరిగెత్తి ఆగి మేస్తాయి. వాటిది కంటితో చేసే వేట. జానెడు లోతు దాటాక సూదితోక బాతులు. తల కిందికి, తోక పైకి పెట్టి అడుగున ఉన్న గింజలు అందుకుంటాయి. మెడ పొడుగు కాబట్టి మిగతా బాతులకు అందని అడుగు వీటికి అందుతుంది. తేలే ఆకుల మీద నెమలితోక జకానాలు నడుస్తాయి. చలికాలంలో వాటికి ఆ పొడుగు తోక ఉండదు, ఫొటోలు చూసి వచ్చినవాళ్లు గుర్తుపట్టక వదిలేస్తుంటారు. వాటి వేళ్ల పొడుగు చూడండి, అదే గుర్తు. జమ్ము అంచున పర్పుల్ స్వాంప్‌హెన్ కాడను పీకి, కాలివేళ్లతో పట్టుకుని, లోపలి గుజ్జు తింటుంది. నామాలకోళ్లు, జక్కవలు, నత్తగుల్ల కొంగలు ఎటూ ఉంటాయి.

కాబట్టి ఎప్పుడు వెళ్లాలన్నది కూడా నీటి లెక్కే. అక్టోబరులో వానల నీరు ఇంకా దిగదు, తుపాను భయమూ ఉంటుంది. నవంబరు నుంచి బాతులు పెరుగుతాయి. నీరు తగ్గి బురద తేలే కొద్దీ, అంటే డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా, పొడుగు ముక్కుల పక్షులు దగ్గరగా, ఎక్కువగా కనిపిస్తాయి. రోజువారీ తేడాలూ ఉంటాయి. ఇంత పలుచటి సరస్సులో దక్షిణపు గాలి గట్టిగా వీస్తే నీరు ఉత్తరపు ఒడ్డుకు నెట్టుకొస్తుంది. నిన్న గాడ్విట్లు మేసిన చోట ఇవాళ బాతులు ఈదవచ్చు. ఒక్క ట్రిప్పుతో తిరిగి వెళ్లేవాళ్లు "ఏమీ లేవు" అనుకునేది చాలాసార్లు ఇందుకే. రెండు రాత్రులుండి, రెండు ఉదయాలు, ఒక సాయంత్రం పడవ ఎక్కడం మా దృష్టిలో కనీస పద్ధతి.

ఇక్కడ మరపడవలు ఉండవు. అడుగు చదునుగా ఉండే నాటుపడవను వెదురు గడతో తోస్తారు. ట్రిప్పు రెండు నుంచి మూడు గంటలు. తెల్లారేసరికి రేవులో ఉండాలి. పది దాటితే నీటి మీద గాలి వేడెక్కి అలలాడుతుంది, దూరపు పక్షి ఎంత మంచి లెన్సులోనైనా మసకగానే వస్తుంది. దానికి కెమెరాలో మందు లేదు. సూర్యుడు మీ వీపు వెనక ఉండేలా చుట్టు తిప్పి తీసుకెళ్లమని బయలుదేరే ముందే చెప్పండి. ఎదురెండలో గాడ్విట్ అయినా, రఫ్ అయినా ఒకే నల్లబొమ్మ.

బైనాక్యులర్ 8x42 సరిపోతుంది. మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో, రెండోది ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే కంటికి చేరే కాంతివృత్తం కొలత వస్తుంది. 8x42లో అది 5 మిల్లీమీటర్లు దాటుతుంది. ఎక్కువ రెట్లన్న ఆశతో చాలామంది కొనే 16x50లో 3 చిల్లర మాత్రమే. తెల్లవారుజామున దానిలో బొమ్మ చీకటిగా ఉంటుంది, పైగా పడవ కదిలితే అది పదహారు రెట్లు కదులుతుంది. ఫొటోలకు పడవలో ట్రైపాడ్ పనికిరాదు, గడ వేసిన ప్రతిసారీ అదురు కాళ్లగుండా కెమెరాకు ఎక్కుతుంది. ఖాళీ గుడ్డసంచీ తీసుకెళ్లి, అక్కడే కిలోన్నర బియ్యం కొని నింపి, పడవ అంచు మీద పెట్టి దాని మీద లెన్సు ఆనించండి. ఎగిరే పక్షికి షట్టర్ 1/2000 సెకను, మేసేదానికి 1/1000 చాలు. కెమెరాను ఏసీ గదిలోంచి నేరుగా బయటికి తెస్తే చల్లటి అద్దం మీద చెమ్మ పడుతుంది. కెమెరా సంచీ జిప్పు వేసే ఉంచి, ఇరవై నిమిషాల ముందు బయట పెడితే ఆ బాధ ఉండదు.

అన్నిటికంటే ముఖ్యమైనది దూరం. పడవ దగ్గరయ్యే కొద్దీ పక్షి ముందు మేత ఆపుతుంది, తరువాత మెడ సాచుతుంది, పక్కకు నడవడం మొదలెడుతుంది, ఆపైన లేస్తుంది. మెడ సాచిన క్షణమే గడ ఆపమనాలి. అక్కడే నిలిచి రెండు మూడు నిమిషాలు ఊరుకుంటే చాలాసార్లు మళ్లీ మేతలో పడుతుంది, ఒక్కోసారి తనే దగ్గరకొస్తుంది. సూటిగా ఎదురు వెళ్లే పడవ కంటే ఏటవాలుగా, పక్కనుంచి జారే పడవకు పక్షి తక్కువ బెదురుతుంది. నిలబడ్డ మనిషి ఆకారం దాన్ని ఇంకా భయపెడుతుంది, కాబట్టి కూర్చునే చూడండి.

గుంపు ఒక్కసారి లేస్తే చూడ్డానికి అందమే. దాని ఖరీదు పక్షి కడుతుంది. ఎగిరేటప్పుడు ఖర్చయ్యే శక్తి విశ్రాంతిలో కంటే పది రెట్లకు అటూ ఇటూ. బాతులు ఎక్కువగా రాత్రి మేసి పగలు నిద్రపోతాయి. పగలు పదేపదే లేపితే ఆ రాత్రి మేత పగటి పరుగుకే చాలక పోతుంది. ఫిబ్రవరి, మార్చిల్లో ఇది మరీ చెరుపు. వేల కిలోమీటర్ల ప్రయాణానికి అవి కొవ్వు కూడబెట్టుకునే కాలం అది.

బసకు ఊళ్లో ఎకో లాడ్జీలు, కాటేజీలు ఉన్నాయి. డిసెంబరు, జనవరి శనాదివారాలు నెలల ముందే నిండుతాయి. మన వైపు నుంచి వెళ్లేవాళ్లకు దారి సులువే. శ్రీకాకుళం మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి మీద తంగి దగ్గర మలుపు తిరిగితే ఊరు పది కిలోమీటర్ల లోపే. రైల్లో అయితే బాలుగావ్‌లో దిగి రోడ్డు పట్టవచ్చు. దారిలో టెక్కలి దగ్గర తేలినీలాపురంలో గూడబాతులనూ పలకరించవచ్చు.

గది ఎంచుకునేటప్పుడు ఏసీ ఉందా అని అడిగే ముందు మరుగుదొడ్డి నీళ్లు ఎటు పోతాయో అడగండి. సెప్టిక్ ట్యాంకు, ఇంకుడుగుంత ఉంటే సరే. కాలువలోకి వదిలితే అది మీరు చూడటానికొచ్చిన నీళ్లలోకే చేరుతుంది. రాత్రి ఆవరణలో తెల్లటి లైట్లు వెలిగించే చోటు వద్దు. తెలుపు, నీలి కాంతికి పురుగులు విరగబడి వస్తాయి, పసుపు బల్బుకు అంతగా రావు. దోమతెర అడిగి కట్టించుకోండి, పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు వేసుకోండి. పడవలో మరుగుదొడ్డి ఉండదు. పెద్దవాళ్లు, పిల్లలు ఉంటే గదిలోంచి కదిలే ముందే ఆ పని కానివ్వాలి. ఆ ఇబ్బందికి భయపడి నీళ్లు తాగడం మానేయడం మాత్రం ఎండలో ప్రమాదం.

చీకటి పడ్డాక సొంతంగా టార్చి పట్టుకుని జమ్ములోకి వెళ్లకూడదు. అక్కడ బావురుపిల్లి తిరుగుతుంది. వేళ్ల మధ్య కొంత పొర ఉండి, నీళ్లలో దిగి చేపలు పట్టే అడవిపిల్లి ఇది. 2022లో కెమెరాలు పెట్టి లెక్కిస్తే చిలికా చుట్టుపక్కల 176 ఉన్నట్టు తేలింది. దాన్ని చూడాలన్న ఆశ పెట్టుకోకండి. పొద్దున కట్ట మీద తడి బురదలో అడుగులు దొరికితే అదే గొప్ప.

ఈ ఊరు ఒకప్పుడు పక్షుల వేటకు పేరుపడింది. తుపాకీ, వల, విషం, అన్నీ నడిచాయి. 1990ల చివర నుంచి వైల్డ్ ఒరిస్సా సంస్థ వాళ్లు ఊరివాళ్లతో మాట్లాడి, వేటగాళ్లతోనే పక్షుల రక్షణ సమితి పెట్టించారు. ఏ నీళ్లలో ఏ పక్షి ఏ వేళకు దిగుతుందో వేటగాడికి తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది? ఆ జ్ఞానమే ఇప్పుడు గైడు పనికి పెట్టుబడి. 2018లో ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ తన ఇన్నోవేషన్ అవార్డుల్లో మంగళజోడి ఎకోటూరిజం ట్రస్టును గుర్తించింది. వేట మానిన కుటుంబానికి పడవ మీద నికరంగా రాబడి ఉన్నంత కాలమే ఈ ఏర్పాటు నిలుస్తుంది. అందుకే బేరమాడి ఒక ట్రిప్పు డబ్బు తగ్గించుకోవడంలో గొప్పేమీ లేదు.

ఆ డబ్బుకు ఇంకో బలం కూడా ఉంది. గుంపును లేపి చూపిస్తే చప్పట్లు, బక్షీసు దొరుకుతాయని తెలిస్తే పడవ నడిపే అతను రేపు కూడా లేపుతాడు. మెడ సాచిన గాడ్విట్‌ను చూసి తనంతట తాను గడ ఆపినవాడికి బక్షీసు ఇవ్వండి, ఎందుకిస్తున్నారో నోటితో చెప్పి మరీ ఇవ్వండి.