రిజిస్టర్‌లో కనిపించని పాఠకుల కోసం ఒక మ్యాపు

హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం 1904లో, వరంగల్‌లో శబ్దానుశాసనాంధ్ర భాషా నిలయం 1918లో మొదలయ్యాయి. గ్రంథాలయాల విషయంలో పాత ఊరే ఇది. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా పోతాయి. ఆ సెస్సు కట్టే ఇళ్లలో అరవై దాటినవాళ్లకు గ్రంథాలయం ఎంత అందుబాటులో ఉందో సభ్యత్వ రిజిస్టర్ చెప్పలేదు. అందులో ఉండేది వచ్చినవాళ్ల లెక్క. సభ్యుల చిరునామాలను మ్యాపు మీద చుక్కలుగా పెడితే అవి గ్రంథాలయం చుట్టూనే గుమిగూడతాయి, అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. చూడాల్సింది చుక్కలు పడని వాడల్లో ఎందరు పెద్దవాళ్లున్నారని.

ఆ సంఖ్య తేలికగా దొరకదు. 2011 జనాభా లెక్కల్లో వార్డు స్థాయి ప్రాథమిక పట్టిక ఆరేళ్లలోపు పిల్లల్ని విడిగా చూపుతుంది గానీ ముసలివాళ్లను చూపదు. ఆసరా పింఛన్ల లెక్కను నమ్ముకుంటే ఇంకో తప్పు దొర్లుతుంది: సర్కారు పింఛను తీసుకునే రిటైర్డ్ ఉద్యోగులు అందులో ఉండరు కాబట్టి, వాళ్లు ఎక్కువగా ఉండే కాలనీ మ్యాపులో ఖాళీగా తేలుతుంది. ఉన్నవాటిలో మేలైనది ఓటర్ల జాబితా. ప్రతి ఓటరు వయసూ అందులో ఉంటుంది. పీడీఎఫ్ పేజీలు బొమ్మల రూపంలో ఉంటాయి కనుక చేత్తో లెక్కించక తప్పదు. పేర్లు రాసుకోవద్దు, ఒక్కో భాగానికి (అంటే ఒక్కో బూత్ జాబితాకు) అరవై దాటిన ఆడవాళ్లు ఇందరు, మగవాళ్లు ఇందరు అన్న రెండు అంకెలు చాలు.

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఆ అంకెల్ని పోలింగ్ కేంద్రం ఉన్న బడి మీద పెట్టేస్తారు. ఒకే బడిలో నాలుగైదు బూత్‌లు ఉంటే నాలుగైదు వాడల పెద్దలంతా ఆ బడిలోనే కాపురం ఉన్నట్టు మ్యాపు చూపిస్తుంది. ప్రతి భాగం మొదటి పేజీలో దాని కిందికి వచ్చే వీధుల పేర్లుంటాయి. చుక్క ఆ వీధుల నడుమ పెట్టాలి. చనిపోయినవాళ్ల పేర్లు జాబితాలో మిగిలిపోవడం మామూలే, అందుకే ఎనభై పైబడిన లెక్కను పూర్తిగా నమ్మకూడదు.

తర్వాత దూరం. ఉచితంగా దొరికే మ్యాపు సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో, జనం కలిసి గీసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి రోడ్లను తెచ్చుకుని, ఆ రోడ్ల పొరను ముందుగా మీటర్లలో కొలిచే యూటీఎం 44 ఉత్తర మండలానికి, అంటే సాఫ్ట్‌వేర్‌లో ఈపీఎస్‌జీ 32644 అన్న కోడ్‌కు మార్చాలి. మార్చకపోతే మీరు దూరం 500 అని కొట్టినప్పుడు అది మీటర్లను కాదు, డిగ్రీలను తీసుకుంటుంది. మన దగ్గర ఒక్క డిగ్రీ అంటే వంద కిలోమీటర్ల పైమాటే.

గ్రంథాలయం చుట్టూ వృత్తం గీసి ఊరుకుంటే లాభం లేదు. శివనగర్ నుంచి వరంగల్ స్టేషన్ అవతలికి పిట్టకు ఎంత దగ్గరైనా, మనిషి అండర్ బ్రిడ్జి దాకా పోవాల్సిందే. రోడ్ల వెంబడే దూరం కొలవడానికి క్యూజీఐఎస్‌కు తగిలించుకునే ఓఆర్ఎస్ టూల్స్ ప్లగిన్ ఉంది. దాని నడక వేగం గంటకు 5 కిలోమీటర్లు. కర్ర పట్టుకుని నడిచే మనిషికి సెకనుకు 0.8 మీటర్లు అనుకుంటే పది నిమిషాల్లో నడిచేది 480 మీటర్లే. కాబట్టి నిమిషాల్లో అడగకుండా దూరం 480 అని ఇవ్వండి. రోడ్డు దాటడం ఈ లెక్కలో పడదు. ఒకే గీతగా ఉన్న రోడ్డును సాఫ్ట్‌వేర్ ఎక్కడ పడితే అక్కడ, దాటే సమయం లెక్కలోకి తీసుకోకుండా దాటేస్తుంది. 15 మీటర్ల రోడ్డు దాటడానికి ఆ మనిషికి 19 సెకన్లు పడుతుంది. పాత వాడల్లో సన్న గల్లీలు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో లేకపోతే ముందు అక్కడ గీయాలి, లేదంటే పక్కింటికి కూడా చుట్టు తిరిగి పొమ్మంటుంది.

అందని వాడలు తేలాక కొత్త భవనం గురించి ఆలోచించే ముందు పుస్తక నిక్షిప్త కేంద్రాలు, అంటే గ్రంథాలయం తన పుస్తకాలు కొన్ని ఉంచే చిన్న చోట్లు, చూడాలి. గుడి మండపం, సీనియర్ సిటిజన్ల సంఘం గది, బస్తీ దవాఖానా లాంటి పన్నెండు చోట్లు గుర్తించారనుకుందాం. వాటిలో మూడు ఎంచుకోవడానికి 220 రకాలుగా కుదురుతుంది. ప్రతి కూర్పుకూ, ఒక్కో వాడ పెద్దల సంఖ్యను ఆ వాడకు దగ్గరి కేంద్రం దూరంతో గుణించి, అన్నీ కూడండి. ఎక్సెల్ షీటు సరిపోతుంది. మొత్తం తక్కువొచ్చిందే మంచిదని తొందరపడొద్దు. ఆ లెక్క జనం దట్టంగా ఉన్న వైపే మొగ్గుతుంది, రంగశాయిపేట లాంటి అంచు వాడలు నష్టపోతాయి. అందుకే అన్నిటికన్నా దూరాన మిగిలినవాళ్ల దూరం ఇంకో గడిలో రాసి, రెండూ చూసి తేల్చాలి. అంచువాళ్ల కోసం మొత్తం కాస్త పెరిగినా తప్పులేదు.

మహాలక్ష్మి పథకం వచ్చాక, 2023 డిసెంబర్ 9 నుంచి, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ లేదు. ముసలమ్మకు బస్టాపు నుంచి గ్రంథాలయం గుమ్మం దాకా ఉన్న దూరమే అసలు దూరం. మగవాళ్లకు చార్జీ కూడా ఉంది. ఇద్దరికీ ఒకే మ్యాపు వాడకపోవడం మేలు.

మిగతాది మ్యాపులో దొరకదు, కాళ్లతో తిరిగి చూడాల్సిందే. ముప్పై మీటర్లకొక కొలత ఉండే నేల ఎత్తుల డేటాలో గుమ్మం ముందు మూడు మెట్లు కనబడవు. ఆ మెట్ల ఎత్తు 45 సెంటీమీటర్లైతే ఒకటికి పన్నెండు వాలుతో ర్యాంపుకు 5.4 మీటర్ల పొడవు కావాలి. అంత జాగా లేక నిలువుగా కట్టిన ర్యాంపు మీద చక్రాల కుర్చీ ఎక్కదు, కర్ర జారుతుంది. మరుగుదొడ్డి ఉందా, తాళం ఎవరి దగ్గర ఉంది, దారిలో కూర్చోవడానికి అరుగు, నీడ ఉన్నాయా అన్నవి కూడా రాసుకోవాలి. మే నెల మధ్యాహ్నం 480 మీటర్లు పొద్దుటి 480 మీటర్లతో సమానం కావు. గట్టి వానలకు అండర్ బ్రిడ్జిలో నీళ్లు నిలిస్తే శివనగర్ వైపు మ్యాపు మారిపోతుంది, కాబట్టి ఆ దారి మూసేసిన రెండో మ్యాపు కూడా తయారుగా పెట్టుకోవాలి.